మీకు తెలుసా? విరిగిన మణికట్టుకు కట్టు చాలా, కత్తి కావాలా?

చెన్నై మైలాపూరులో పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడ వీధుల్లో, సందుల్లో, పాత ఇళ్ల ముందు మెట్లు తడితడిగా ఉండే వేళ అది. అరవై దాటిన ఆవిడకు కాలు జారిందంటే ముందుగా నేలకు ఆనేది అరచెయ్యే. ఒంటి బరువంతా దాని మీద పడి మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. ఎక్స్‌రే చేతికొచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "సిమెంటు కట్టు చాలు, ఈ వయసులో కోతలెందుకు?" అని ఒక పార్టీ. "ప్లేటు వేయిస్తేనే సరిగ్గా అతుకుతుంది, డబ్బుకు వెనకాడొద్దు" అని అమెరికా నుంచి ఫోన్లో ఇంకో పార్టీ. ఇద్దరికీ పనికొచ్చే సంగతులు కొన్ని చూద్దాం.

ఎక్స్‌రే పుట్టడానికి 81 ఏళ్ల ముందే

అరచేతి మీద పడితే వచ్చే ఈ ఫ్రాక్చర్‌కు కాలిస్ ఫ్రాక్చర్ అని పేరు. డబ్లిన్ నగరపు సర్జన్ అబ్రహాం కాలిస్ 1814లో దీని గురించి రాశారు. అప్పటిదాకా చాలామంది వైద్యులు దీన్ని కీలు తప్పడం అనుకునేవారు. ఎక్స్‌రే వచ్చింది 1895లో. అంటే కాలిస్ దగ్గర ఉన్నవి కళ్లూ, వేళ్లూ మాత్రమే. వాటితోనే తడిమి చూసి, కీలు చోటనే ఉందనీ, విరిగింది దానికి కాస్త పైన ఉన్న ఎముక అనీ తేల్చారు. ఇంకో మాట కూడా చెప్పారు. చేతికి వచ్చిన వంకర జన్మంతా అలాగే ఉండిపోయినా, కొంత కాలానికి కదలిక తిరిగి వస్తుందనీ, నొప్పి పోతుందనీ. ఎముక ఆకారం ఒక లెక్క, చేతి పనితనం ఇంకో లెక్క అన్న సంగతి అక్కడే మొదలైంది. రెండు వందల ఏళ్ల తరువాత జరిగిన పెద్ద పెద్ద పరీక్షలన్నీ ఆ మాట చుట్టూనే తిరిగాయి.

అతుకుతుందా అన్నది అసలు ప్రశ్నే కాదు

ముంజేతిలో ఎముకలు రెండు. బొటనవేలి వైపుది రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. మణికట్టు మీద పడే బరువులో దాదాపు 80 శాతం రేడియస్సే మోస్తుంది కాబట్టి ఎక్కువగా విరిగేదీ అదే. దాని చివరి అంగుళం పైకి పలుచని పెంకు, లోపల సన్నని గదులతో మెత్తగా ఉంటుంది. వయసు మళ్లాక ముందుగా గుల్లబారే చోట్లలో ఇదొకటి. కాకపోతే అలాంటి ఎముకకు రక్తం బాగా అందుతుంది, అందుకే తొందరగా అతుకుతుంది. కట్టు వేసినా, ప్లేటు వేసినా, సాధారణంగా ఆరు వారాల్లో పని అయిపోతుంది. అసలు అతకకుండా ఉండిపోవడం చాలా అరుదు. కాబట్టి డాక్టరును "అతుకుతుందా?" అని కాక "ఏ ఆకారంలో అతుకుతుంది? దానితో మా అమ్మకు ఏ పని కష్టమవుతుంది?" అని అడగాలి.

ముందు గాజులు తీయండి

1895 డిసెంబరులో, ఎక్స్‌రేను కనుగొన్న రాంట్‌జెన్ తీసిన తొలి మనిషి ఎక్స్‌రే ఆయన భార్య చేతిదే. అందులో వేళ్ల ఎముకలతో పాటు వేలి ఉంగరం నల్లగా కనిపిస్తుంది. ఈ కాలపు ఇళ్లకు ఆ ఉంగరం ఒక హెచ్చరిక. మణికట్టు విరిగిన గంట రెండు గంటల్లో చెయ్యి, వేళ్లు ఉబ్బుతాయి. ఉంగరాలు, బంగారు గాజులు బిగుసుకుపోయి వేళ్లకు రక్తం అందకుండా చేస్తాయి. పుస్తకం మడిచో, స్కేలు పెట్టో చేతికి ఆధారం కట్టి, గుండె కంటే ఎత్తులో ఉంచి ఆస్పత్రికి బయలుదేరాలి. గాజులూ ఉంగరాలూ ఇంటి దగ్గరే తీసేయాలి. ఆలస్యమైతే అక్కడ కత్తిరించక తప్పదు.

ఎక్స్‌రే కోసం మద్రాసు వాళ్లు దూరం పోవలసిన అవసరం ఏనాడో తీరింది. సెంట్రల్ స్టేషన్ ఎదుటి పెద్దాసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లోనే మొదలైంది.

అమృతాంజనం ఊళ్లో ఒక జాగ్రత్త

మైలాపూరు లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కులో పొద్దున నడిచే పెద్దవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలియని వాళ్లు ఇప్పుడు చాలామందే ఉంటారు. ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించి, 1914లో దాన్ని మద్రాసుకు తెచ్చారు. అమృతాంజనం లేని తెలుగిల్లు, తమిళిల్లు రెండూ అరుదు. తలనొప్పికి, పడిశానికి దాన్ని రాసుకుంటాం, బాగానే ఉంటుంది. పడ్డ చేతికి మాత్రం ఏ మందూ రాసి మర్దనా చేయకూడదు. "బెణికింది, పట్టు వేస్తే పోతుంది" అనుకున్న చేతుల్లో చాలావాటికి లోపల ఎముక చిట్లి ఉంటుంది. రుద్దితే ముక్కలు కదులుతాయి, వాపు పెరుగుతుంది.

గుర్తు పట్టడం అంత కష్టం కాదు. బల్ల మీద బోర్లా పెట్టిన భోజనపు ఫోర్కు ఎలా వంపు తిరిగి ఉంటుందో, పక్కనుంచి చూస్తే చెయ్యి అలా కనిపిస్తుంది. వంపు లేకపోయినా ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి, గ్లాసు కూడా ఎత్తలేకపోవడం ఉంటే చాలు. అరవై దాటినవారికి ఎక్స్‌రే తీయించి తీరాలి.

పుత్తూరు కట్టు సంగతి

చెన్నైలో ఏ పేటకు వెళ్లినా 'పుత్తూరు కట్టు' అన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది. చెన్నై నుంచి తిరుపతి వెళ్లే రైలు దారిలోని మన పుత్తూరే అది. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ, ఇవీ ఆ కట్టు సరంజామా. తరతరాలుగా మన వాళ్లు నమ్మిన వైద్యం అది. పెద్దవాళ్ల మణికట్ల విషయంలో ఆ నమ్మకానికి ఒక కారణం కాలిస్ మాటలోనే దొరుకుతుంది. ఎముక కొంచెం వంకరగా అతికినా చెయ్యి పనిలోకి వస్తుంది, నొప్పి పోతుంది. ఆ పేరు కట్టుకు వస్తుంది.

ప్రమాదం వేరే చోట ఉంది. వాపు పెరిగే మొదటి రెండు మూడు రోజుల్లో చుట్టూ బిగించి కడితే, అది వెదురైనా సిమెంటైనా, లోపల ఒత్తిడి పెరిగి కండరాలు, నరాలు చచ్చిపోవచ్చు. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లను చాపినప్పుడు భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే వెళ్లి కట్టు విప్పించాలి. మైలాపూరు వాళ్లకు రాయపేట ప్రభుత్వాసుపత్రి పక్కనే ఉంది.

సిమెంటు కట్టు యుద్ధరంగపు బిడ్డ

జిప్సం రాయిని కాల్చి పొడి చేస్తే అందులోని నీరు చాలా భాగం పోతుంది. ఆ పొడికి మళ్లీ నీళ్లు తగిలితే గట్టిపడుతుంది. పారిస్ నగరం దగ్గర ఈ రాయి విరివిగా దొరికేది కాబట్టి దానికి 'ప్లాస్టర్ ఆఫ్ పారిస్' అని ఆ ఊరి పేరే స్థిరపడింది. ఈ పొడిని గుడ్డ పట్టీలకు పట్టించి విరిగిన ఎముకలకు చుట్టవచ్చని 1851లో చేసి చూపినవారు డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్. కట్టేటప్పుడు చెయ్యి వెచ్చగా అనిపించడం సహజం, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది.

మొదటి రోజునే చేతి చుట్టూ పూర్తి కట్టు వేయకుండా ఒక వైపే గట్టిగా ఉండే స్లాబ్ వేస్తే, "డాక్టరు సగం కట్టే కట్టాడు" అని బాధపడకండి. అది వాపుకు చోటు ఇవ్వడం కోసం. వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. ఫైబర్ గ్లాస్ కట్టు తేలిక, నీళ్లకు చెడదు. కానీ లోపలి దూది తడిస్తే చర్మం పాచిపోతుంది, కాబట్టి దాన్నీ స్నానంలో తడపకూడదు.

60 మణికట్లలో 53కు

వంకరపోయిన ఎముకను డాక్టర్లు లాగి సరిచేస్తారు. విరిగిన చోటే మత్తు సూది వేసి, చేతిని లాగి, నొక్కి కట్టు వేస్తారు. పూర్తి మత్తు అక్కర్లేదు. ఆ వెంటనే తీసిన ఎక్స్‌రే చూస్తే అంతా బాగుంటుంది. తిప్పలు ఆ తరువాత. గుల్లబారిన ఎముకలో వెనక వైపు ముక్కలు నుగ్గయి ఉంటాయి, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఒకటి రెండు వారాల్లో మళ్లీ పాత వంకరకే జారుతుంది. బాగా వయసు మళ్లి, చేతితో ఎక్కువ పని లేని 60 మణికట్లను పరిశీలించి బ్యూమర్, మెక్వీన్ అనే వైద్యులు 2003లో ఒక పత్రం రాశారు. వాటిలో 53 మణికట్లకు సరిచేయడం వల్ల ఉపయోగం లేకపోయిందని ఆ పత్రం శీర్షికలోనే ప్రకటించారు. అందుకే కట్టు వేశాక వారానికి, రెండు వారాలకు మళ్లీ ఎక్స్‌రే అడుగుతారు. ఆస్పత్రికి ఆదాయం కోసమని అనుమానించి ఎగ్గొట్టకండి. జారిందో లేదో తెలిసేది అప్పుడే.

డాక్టరు కొలిచే మూడు కొలతలు

ఆరోగ్యంగా ఉన్న రేడియస్ చివర అరచేతి వైపు దాదాపు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. కాలిస్ ఫ్రాక్చర్‌లో అది వెనక్కి తిరుగుతుంది. వెనక్కి 10 డిగ్రీలు దాటిందా, ఎముక 3 మిల్లీమీటర్లకు మించి పొట్టిబడిందా, కీలు ఉపరితలంలో 2 మిల్లీమీటర్లకు మించిన మెట్టు ఏర్పడిందా? వయసులో ఉన్నవారికైతే ఈ మూడింటిలో ఏది దాటినా ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఇవే గీతలను డెబ్బై ఏళ్లవారికీ గీయాలా అన్న దగ్గరే అభిప్రాయాలు మారాయి.

ప్లేటు ఎందుకంత పేరు తెచ్చుకుంది?

పాత ప్లేట్లలో స్క్రూ పట్టు పూర్తిగా ఎముక గట్టిదనం మీద ఆధారపడేది. గుల్ల ఎముకలో అది ఊడి వచ్చేది. 2000 ప్రాంతంలో మయామీకి చెందిన సర్జన్ హోర్హే ఓర్బే లాంటివారు అరచేతి వైపు నుంచి పెట్టే లాకింగ్ ప్లేటును ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో స్క్రూ తలకూ మరలుంటాయి. అది ప్లేటులోనే బిగుసుకుంటుంది. ఎముక ఎంత మెత్తనిదైనా ప్లేటూ స్క్రూలూ కలిసి ఒకే చట్రంగా నిలబడతాయి. కొద్ది రోజులకే మణికట్టు కదిలించవచ్చు. ఎక్స్‌రే చూడముచ్చటగా వస్తుంది. దాంతో ఎన్నో దేశాల్లో పెద్దవాళ్లకు ఆపరేషన్లు గబగబా పెరిగాయి. చూడముచ్చటైన ఎక్స్‌రే వల్ల చెయ్యి కూడా మెరుగ్గా పనిచేస్తుందా అన్న పరీక్ష తీరిగ్గా తరువాత మొదలైంది.

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒక్కచోటికే

2011లో ఆస్ట్రియా సర్జన్లు 65 దాటిన 73 మందిని రెండు జట్లు చేశారు. కొందరికి ప్లేటు, కొందరికి కట్టు. మొదటి మూడు నెలలు ప్లేటు వాళ్లదే పైచేయి. పన్నెండో నెలకు నొప్పిలోనూ కదలికలోనూ తేడా లేదు. పిడికిలి బలం మాత్రం ప్లేటు వేసినవారికి ఎక్కువ. చిక్కులు కూడా వాళ్లకే ఎక్కువ.

అమెరికా, కెనడా, సింగపూర్‌లలోని 24 కేంద్రాలలో 60 దాటిన 304 మంది మీద జరిగిన 'రిస్ట్' పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన 'క్రాస్‌ఫైర్' ఫలితం 2021లో వచ్చింది. ఏడాది నాటికి చేతి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదని రెండూ చెప్పాయి. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో 65 దాటినవారికి ఆపరేషన్ వల్ల దీర్ఘకాలంలో అదనపు మేలు కనిపించడం లేదని రాసింది.

అయినా తీర్పు ఏకగ్రీవం కాదు

2019లో స్వీడన్ వైద్యులు 70 దాటినవారి మీద చేసిన పరీక్షలో మూడో నెలలోనూ, పన్నెండో నెలలోనూ ప్లేటుదే పైచేయి అయింది. పరీక్షలన్నీ సగటు మనిషి గురించి చెబుతాయి. మీ ఇంట్లో పడినావిడ ఒక్కరే. ఎనభై ఏళ్లకు స్కూటీ నడిపేవారు ఉన్నారు, అరవై రెండుకు మంచం దిగనివారు ఉన్నారు. పుట్టిన తేదీ కంటే రోజూ ఆ చేతితో చేసే పనే పెద్ద కొలబద్ద.

మొదటి మూడు నెలల ఖరీదు

ఏడాదికి ఇద్దరూ సమానమే అయితే ఇక ఆపరేషన్ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఏడాది మొదట్లో ఉంది. లజ్‌లో ఒంటరిగా ఉంటూ వండుకు తినే పెద్దావిడకు ఆ మూడు నెలలు చాలా పెద్దవి. వాకరు పట్టుకుంటే గాని నడవలేనివారు, రెండు మణికట్లూ ఒకేసారి విరిగినవారు, మంచాన పడ్డ భర్తను లేపి కూర్చోబెట్టవలసినవారు, వీణో వయొలినో నేర్పి బతికేవారు, వీళ్లకు తొందరగా చేతికి పని చెప్పగలగడమే లాభం. ఇంట్లో కోడలో, వంటమనిషో ఉండి, చేతితో బరువు పనులు లేనివారికి కట్టుతో కాలం గడిచిపోతుంది.

విరిగింది ఏ చెయ్యి అన్నదీ మన ఇళ్లలో పెద్ద సంగతే. కుడిచెయ్యైతే అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం. ఎడమచెయ్యైతే మరుగుదొడ్డిలో శుభ్రం చేసుకోవడం. సిగ్గుపడి ఎవరూ డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. మరుగుదొడ్డిలో నీళ్లు చిమ్మే చేతి గొట్టం బిగించుకుంటే ఆ ఆరు వారాలు గౌరవంగా గడుస్తాయి.

మధ్యలో ఒక దారి ఉంది

కట్టుకూ ప్లేటుకూ నడుమ సన్నని ఉక్కు తీగలున్నాయి. ఎముక సరిచేసి, చర్మం మీద నుంచే రెండు మూడు తీగలు గుచ్చి, పైన కట్టు వేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల తరువాత అవుట్‌పేషెంట్‌లోనే లాగేస్తారు. ఖర్చు తక్కువ, కోత లేదు. బ్రిటన్‌లో 461 మంది మీద జరిగిన పరీక్షలో ఏడాదికి తీగకూ ప్లేటుకూ తేడా లేదని 2014లో తేలింది. అదే బృందం తీగకూ, అచ్చు పోసినట్టు జాగ్రత్తగా వేసిన కట్టుకూ పోటీ పెట్టి 2022లో ఫలితం చెప్పింది. ఏడాదికి అక్కడా తేడా లేదు. కానీ కట్టు వేసినవారిలో ఎనిమిది మందికి ఒకరి చొప్పున ఆరు వారాల లోపే ఎముక జారి ఆపరేషన్ అవసరమైంది. కట్టును ఎంచుకునేవారు ఈ లెక్క ముందే తెలుసుకోవడం మంచిది. మిగతా ఏడుగురికి ఆ ఆపరేషన్ తప్పిపోయిందన్నదీ ఇదే లెక్క.

ఇక్కడ చర్చ లేదు

ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే ఆపరేషన్ తప్పదు. సరిచేశాక కూడా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారుతూ పోతుంటే మణికట్టులోని మీడియన్ నరం నలుగుతోందని అర్థం, త్వరగా ఒత్తిడి తీయాలి. ఎముక వెనక్కి కాక అరచేతి వైపు జారితే అది వేరే రకం. 1847లో డబ్లిన్ వైద్యుడే అయిన రాబర్ట్ స్మిత్ దాన్ని వివరించారు. అలా జారినది కట్టులో నిలవదు, సాధారణంగా ప్లేటే వేస్తారు. కీలు ముక్కలై తప్పిపోయినా అంతే. వీటికి ఇంట్లో ఓటింగు పెట్టకండి.

గుండె, షుగరు ఉన్నవారికి

"ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా?" అన్నది ఇంట్లో అందరి భయం. మణికట్టు ఆపరేషన్‌కు చాలావరకు చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా మెడ దగ్గరో, చంకలోనో సూది వేస్తే సరిపోతుంది. మనిషి మెలకువగానే ఉంటారు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి మొదటే చెప్పాలి. సొంతంగా ఆపేయకూడదు. షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం కష్టమవుతుంది. ఆ కారణం చేత కట్టు వైపు మొగ్గు చూపినా తప్పు లేదు.

రెండు దారుల్లోనూ ముళ్లున్నాయి

కట్టులో మణికట్టు బిగుసుకుపోవచ్చు, వంకర మిగలవచ్చు, అల్నా చివర బొడిపెలా పొడుచుకు రావచ్చు. ఎముక అసలు పక్కకు జరగని, చిన్న చీలిక మాత్రమే ఉన్న ఫ్రాక్చర్‌లో కూడా కొన్ని వారాల తరువాత బొటనవేలిని పైకి లేపే స్నాయువు అరిగి తెగిపోవడం ఉంది. కట్టు విప్పాక బొటనవేలు హఠాత్తుగా లేవకపోతే వెంటనే చూపించాలి. ప్లేటుతో చీము పట్టవచ్చు, స్క్రూ పొడవెక్కువై గుచ్చుకోవచ్చు, ప్లేటు అంచు కీలుకు మరీ దగ్గరగా ఉంటే వేళ్లను ముడిచే స్నాయువు రాసుకుని తెగవచ్చు. ఇబ్బంది లేకపోతే ప్లేటును తీయనక్కర్లేదు, జన్మంతా లోపలే ఉంచేయవచ్చు.

కొందరికి ఏ దారిలో వెళ్లినా చెయ్యి ఉబ్బి, మెరిసి, మంటలు పుట్టి, తాకనివ్వకుండా తయారవుతుంది. రోజుకు 500 మిల్లీగ్రాముల విటమిన్ సి దీన్ని అడ్డుకుంటుందని 1999లో డచ్చి పరీక్ష ఒకటి చెప్పింది. తరువాతి పరీక్షలో ఆ మేలు కనిపించలేదు. వేళ్లను మొదటి రోజు నుంచీ కదిలించడం మాత్రం ఎవరూ కాదనని మందు.

వేళ్లకు సెలవు లేదు

కట్టు మణికట్టుకే. వేళ్లు, మోచెయ్యి, భుజం ఆ రోజు నుంచే పని చేయాలి. గంటకోసారి పిడికిలి పూర్తిగా బిగించి, పూర్తిగా చాపాలి. చేతిని తలపైకి ఎత్తాలి. మెడకు వేలాడదీసిన చేతిని ఆరు వారాలు కదపకుండా దాచుకున్నవారికి మణికట్టు బాగై భుజం పట్టేస్తుంది. కట్టు విప్పాక ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామం మనకు పుట్టుకతో వచ్చిందే. రెండు అరచేతులు కలిపి నమస్కారం పెట్టి మోచేతులు మెల్లగా పైకి ఎత్తడం ఒకటి, అరచేతుల వెనక వైపులు కలిపి వేళ్లు కిందికి పెట్టడం ఇంకొకటి. మంచి చెయ్యి ఎంత వంగుతోందో, బాగవుతున్న చెయ్యి ఎంత వెనకబడిందో అందులోనే తెలిసిపోతుంది. చపాతీ పిండి కలపడం, తడిగుడ్డ పిండడం తరువాతి మెట్లు. నేల మీద అరచేతులు ఆనించి లేచే అలవాటుంటే డాక్టరు సరేననే దాకా ఆగాలి.

విరిగిన చెయ్యి చెప్పే అసలు కబురు

యాభై, అరవైల్లో ఉన్నవారు చురుగ్గా నడుస్తూ పడతారు, చెయ్యి ముందుకు చాచుతారు, మణికట్టు విరుగుతుంది. ఎనభైల్లో ఆ చురుకుదనం తగ్గి పక్కకు కూలతారు, తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే మంచం, మంచం వెంట న్యుమోనియా, పుండ్లు. నిలబడ్డ ఎత్తు నుంచి పడినందుకే ఒక ఎముక విరిగిందంటే, ఇంకో ఎముక విరిగే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది. మణికట్టు ముందే వచ్చి హెచ్చరించే ఎముక. కట్టా ప్లేటా అని పది రోజులు వాదించుకున్న ఇంట్లోనే, ఎముకలు గుల్లబారాయేమో చూద్దామన్న మాట ఒక్కరి నోటా రాదు.

అది చూసే డెక్సా స్కాన్ నొప్పి లేని పరీక్ష, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. టి స్కోరు మైనస్ 2.5 గాని అంతకంటే కిందికి గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. దానికి వారానికో మాత్ర నుంచి ఏడాదికో సూది దాకా మందులున్నాయి, ఏది ఎవరికన్నది డాక్టరు నిర్ణయిస్తారు. తిండి సంగతికొస్తే, నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఎండ మండిపోయే చెన్నైలో కూడా ఇంటి పట్టున ఉండే పెద్దవాళ్లలో విటమిన్ డి కొరత మామూలే, రక్త పరీక్షలో అదీ చూపించుకోవాలి. ఇక స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి మరుగుదొడ్డి దారిలో చిన్న దీపం, ముగ్గు పెట్టే మెట్టు మీద నీళ్లు తుడిచేశాకే అడుగు, కళ్లద్దాలు మార్పించడం, తల తిరిగే మాత్రలేమైనా ఉంటే డాక్టరుకు చెప్పడం. కట్టుకూ కత్తికీ రెంటికీ పనిలేకుండా చేసేవి ఇవే. కట్టు విప్పే రోజు డాక్టరును అడగాల్సిన చివరి ప్రశ్న కూడా ఇదే: "డెక్సా ఎప్పుడు తీయించమంటారు?"